పెద్దాయన ముందుకాళ్ళు

ఎముక బాగుందో పాడైందో తెలుసుకోవడానికి ఎముకల మాస్టారికి కళ్ళద్దాలు అక్కర్లేదు. దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని వేలాడదీసి గోటితో ఒక్కసారి తడతాడు. మంచి ఎముక ఖంగుమని మోగుతుంది. మందులో ఎక్కువసేపు నాని పాడైన ఎముక తడిసిన చెక్కలా దబ్‌మని ఊరుకుంటుంది. పశువైద్య కళాశాల మ్యూజియంలో ముప్పై రెండేళ్ళుగా ఆయన పని ఇదే. చచ్చిపోయిన జంతువుల ఎముకలు శుభ్రం చేసి, తీగలతో కూర్చి, బతికున్నప్పుడు ఎలా నిలబడేవో అలా నిలబెట్టడం. ఇంట్లో గోడకి మేకు కొట్టమంటే మూడు వారాలు వాయిదా వేసే ఈ మనిషి, కొండచిలువ వెన్నులోని మూడొందల పైచిలుకు ఎముకల్ని ఒక్కటీ వరస తప్పకుండా ఎలా కూర్చాడో ఆయన భార్యకి ఇప్పటికీ అంతుపట్టదు.

ఆ హాల్లో గుర్రం ఉంది, ఒంటె ఉంది, అగ్గిపెట్టెలో పట్టేంత గబ్బిలం ఉంది. కానీ చూడటానికి వచ్చినవాళ్ళందరూ నేరుగా వెళ్ళేది నడిమధ్య అద్దాల పెట్టెలో నిలబడ్డ కుక్క దగ్గరికే. దాన్ని అందరూ పెద్దాయన అంటారు. బతికున్న రోజుల్లో కొండచరియలు విరిగి ఇళ్ళమీద పడితే, మట్టికింద ఊపిరి ఉన్నవాళ్ళని వాసన పట్టి వెతకడం దాని ఉద్యోగం. ఎనిమిదేళ్ళ కొలువులో పదకొండు మందిని బయటికి తీయించింది. ఒళ్ళంతా గోళ్ళదాకా జూలు, ఊగుతూ వేసే నడక. ఆ నడకని చూసి రాజఠీవి అంటే ఇదీ అని జనం మురిసిపోయేవాళ్ళు. అది పోయి ఇరవై ఆరేళ్ళయింది. దాని ఎముకల్ని కూర్చాకే మాస్టారికి పేరొచ్చింది. అంత నిటారుగా, అంత నిండుగా నిలబడ్డ కుక్క అస్థిపంజరం ఇంకెక్కడా లేదని బయటి కళాశాలల వాళ్ళు కూడా వచ్చి చూసి వెళ్ళారు.

చూసి మెచ్చుకోని మనిషి ఒక్కడే. పెద్దాయనని కూనప్పటి నుంచీ పెంచి పని నేర్పిన ట్రైనర్. ఆ ప్రదర్శన ప్రారంభం రోజున, ఇంకా అద్దాలు బిగించకముందు, ఆయన అలవాటుగా కుక్కకి కుడిపక్కన వెళ్ళి నిలబడి, కిందికి చూడకుండానే ఎడమచెయ్యి జారవిడిచాడు. ఆ చెయ్యి అది దిగాల్సిన చోటికి దిగకముందే ఎముకకి తగిలి ముడుచుకుంది. "పనితనం బాగుంది మాస్టారూ. కానీ వీడు మావాడు కాడు" అని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ హాలు గడప తొక్కలేదు. పాపం, బెంగతో అలా అన్నాడని అందరూ అనుకున్నారు. బెంగ కాదని తెలిసిన మనిషి మాస్టారు ఒక్కడే. తెలిసి, నోరు కుట్టేసుకున్నాడు.

ఇక కథలోకి వస్తే, ఆ మంగళవారం మధ్యాహ్నం మాస్టారి మేనకోడలు ఒక చేత్తో కుక్కపిల్లనీ ఇంకో చేత్తో ఎక్స్‌రే ఫిల్ముల కవరునీ పట్టుకుని మ్యూజియంలోకి వచ్చింది. అక్క కూతురు. చిన్నప్పుడు బడి నుంచి నేరుగా ఇక్కడికే వచ్చి గుర్రం పక్కటెముకల కింద కూర్చుని ఎక్కాలు వల్లెవేసేది. ఇప్పుడు పశువుల డాక్టరు. పెద్దాయన సంతతిని పెంచి, పని నేర్పే కేంద్రంలో కుక్కలన్నిటి ఆరోగ్యమూ ఆమె చేతిలోనే ఉంది.

కేంద్రంలో నాలుగేళ్ళుగా ఒక కష్టం పట్టుకుంది. ప్రతి ఈతలోనూ ఒకటో రెండో పిల్లలు మూడు నెలలు వచ్చేసరికి ముందుకాళ్ళు వంకర తిరుగుతున్నాయి. తిండిలో లోపమేమోనని తిండి మార్చారు. గచ్చునేల జారుతోందేమోనని చాపలు పరిచారు. ఏదీ పనిచెయ్యలేదు. ఇది ఎముక పెరుగుదలలో లోపం, తాతముత్తాతల నుంచి దిగివస్తోంది అని చివరికి డాక్టరమ్మ తేల్చింది. తల్లి నుంచి ఒక పాలు, తండ్రి నుంచి ఒక పాలు, రెండూ కలిస్తేనే పిల్లకి కాళ్ళు వంగుతాయి. ఒక్క పాలే ఉన్న కుక్క పైకి చక్కగా కనిపిస్తూ దాన్ని లోపల దాచుకుని తిరుగుతుంది. ఈ జాతిలో దాన్ని పట్టిచ్చే రక్తపరీక్ష ఇంకా లేదు.

మరి ఈ లోపం వంశంలోకి తెచ్చింది ఎవరు? పాత రిజిస్టర్లన్నీ తిరగేసి, పెద్దాయనకి జతకట్టిన బూడిదరంగు ఆడకుక్క మీద ఆమె వేలు పెట్టింది. దాని పేరు కింద ఎవరో 'ముందుకాలు కాస్త వంకర' అని రాసి ఉంచారు. పెద్దాయన మీద అనుమానం రాకపోలేదు. అందుకే రెండేళ్ళ కిందట ఇదే హాలుకి వచ్చి, అద్దం తీయించి, ముందుకాళ్ళలో ప్రతి ఎముకనీ కొలిచింది. గీత గీసినట్టు నిటారుగా ఉన్నాయి. పెద్దాయన శుభ్రం అని నివేదిక రాసింది. ఒక్క లోపానికి ఇద్దరు దొంగలెందుకు అనుకుంది.

ఆ నివేదిక మీద ఆధారపడి కేంద్రం ఒక పెద్ద నిర్ణయం తీసుకుంది. పెద్దాయన వీర్యం అప్పట్లో తీసి ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి దాచారు. అందులో రెండు స్ట్రాలు, అంటే వీర్యం నింపిన సన్నని గొట్టాలు, ఇంకా మిగిలున్నాయి. వంశం చెడింది కాబట్టి మొదటికే వెళ్ళి, ఆ స్వచ్ఛమైన మూలం నుంచే మళ్ళీ మొదలుపెడదామని అందరూ అనుకున్నారు. దానికోసం ఎంచుకున్న ఒక ఆడకుక్క ఎదకొచ్చింది. దానికి ఆ వీర్యం ఎక్కించడానికి గురువారం ముహూర్తం కుదిరింది. చచ్చిపోయి ఇరవై ఆరేళ్ళయిన కుక్క మళ్ళీ తండ్రి కాబోతోంది. తలుచుకుంటే ఒళ్ళు గగుర్పొడిచే సంగతే మరి. కేంద్రంలో వాళ్ళంతా గాల్లో తేలుతున్నారు.

డాక్టరమ్మ తెచ్చిన కుక్కపిల్లని బుడ్డోడు అంటారు. పెద్ద తల, పొడుగు ఒళ్ళు, రెండుపక్కలకీ వంగిన పొట్టి ముందుకాళ్ళు. దానికి తన కాళ్ళ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు, వచ్చీ రాగానే ఒంటె కాలి మడమ వాసన చూసి, తనకంటే పదిరెట్లున్న ఆ ఎముకల మీదికి మొరిగింది. బుడ్డోడి కాళ్ళనీ పెద్దాయన కాళ్ళనీ పక్కపక్కన ఫోటో తీసి నివేదికకి జతచెయ్యాలని డాక్టరమ్మ వచ్చింది. లోపం ఉన్నది ఇదీ, లేనిది అదీ అని చూపించడానికి. ఫిల్ముని కాంతిపలక మీద పెట్టి మీట నొక్కింది.

మాస్టారు పలక దగ్గరికి వంగాడు. ఎముకలు ఆయన చేతుల్లోకి వచ్చేది వాటి పనంతా ముగిశాకే. పని జరుగుతుండగా, అదీ ఆ ఎముక సొంతదారు పక్కనే నిలబడి తోక ఊపుతుండగా చూడటం అదే మొదటిసారి. ప్రతి ఎముక చివరా ఒక సన్నని నల్లగీత ఉంది. ఆ గీత దగ్గరే ఎముక పెరుగుతుందని మేనకోడలు చెప్పింది. అక్కడ ఉండేది మెత్తటి మృదులాస్థి, దాంట్లో కణాలు వరసలు కట్టి, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ, రోజూ వెంట్రుకవాసి ఎముకని కట్టుకుంటూ పోతాయి. ఎప్పుడు ఆపాలో వాటికి తెలుసు. ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంత పెద్ద గుర్రం, ఇంత పెద్ద ఒంటె, చివరికి తనూ, తన మేనకోడలూ ఆ వెంట్రుకవాసి గీతల్లోంచి వచ్చినవాళ్ళమే అని అనిపించి మాస్టారు పలక అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"మోచేతి కింద రెండు ఎముకలు జోడుగా పెరగాలి మామయ్యా," అని ఆమె వేలితో చూపించింది. "వీడికి వెనక ఎముక పెరగడం తొందరగా మానేసింది. ముందుది మానలేదు. అటు కదలలేక, ఇటు ఆగలేక, అదిగో, అలా విల్లులా వంగిపోయింది."

మాస్టారు ఆ వంపు చూశాడు. లోపలివైపు ఒరిగి, మణికట్టు దగ్గర బయటికి తిరిగిన వంపు. ఆ వంపు ఆయనకి కొత్త కాదు. కళ్ళు మూసుకుని గీయగలడు.

"వీడి కాళ్ళు ఎందులోనైనా నానబెట్టారా?" అని అడిగాడు.

డాక్టరమ్మ పడీపడీ నవ్వింది. "కుక్కపిల్లని ఎవరైనా నానబెడతారా మామయ్యా?"

మాస్టారు మాత్రం నవ్వలేదు. ఒంట్లో నలతగా ఉంది, ఫోటో రేపు తీసుకుందాం అని గొణిగి, కోటు కూడా మర్చిపోయి ఇంటికి నడిచాడు.

ఇరవై ఆరేళ్ళ కిందట జరిగింది ఇది. ఎముకలు శుభ్రం చేసేటప్పుడు చిన్నచిన్న వేళ్ళ ఎముకలు కలిసిపోకుండా ఒక్కో కాలినీ ఒక్కో గుడ్డసంచిలో కట్టి, ఆ సంచితోపాటే తొట్టెలన్నీ మారుస్తారు. చివరి తొట్టెలో తెల్లబరిచే మందు. అది అయ్యాకే మూటలు విప్పుతారు. పెద్దాయన ముందుకాళ్ళ తొట్టెకి మాస్టారు కొత్త సీసా తెరిచాడు. సీసా మీద కాగితం తడిసి ఊడిపోయింది. పక్కనే, అచ్చం అలాంటి సీసాలోనే ఆమ్లం. విద్యార్థులకి ఎముకని మెత్తబరిచి వంచి చూపించడానికి తెచ్చింది. వాసన చూస్తే ఏది ఏదో తెలిసిపోయేది. కానీ ఆ వారమంతా ఆయనకి జలుబు, ముక్కు మూసుకుపోయి గంధమో గబ్బో తెలియని స్థితి. మూడోరోజు మూటలు విప్పితే పెద్దాయన ముందుకాళ్ళ ఎముకలు నాలుగూ విల్లుల్లా వంగి ఉన్నాయి.

మందు మారిపోయిందని ఆయన అనుకున్నాడు. అంతమందిని కాపాడిన కుక్క ఎముకల్ని తన చేతులతో మెత్తబరిచి వంచేశానని అనుకున్నాడు. ప్రారంభానికి వారం ఉంది. ఎవరికీ చెప్పలేదు. సామాన్లగదిలో ఇంకో పెద్దకుక్క ఎముకలుంటే, అందులోంచి నిటారైన ముందుకాళ్ళు ఏరి, మోచేతి దగ్గర కాస్త అరగదీసి, పెద్దాయన పై ఎముకలకి అతికించాడు. అవి రెండు వేళ్ళు పొడుగు. భుజాల కింద దళసరి ఫెల్టు గుడ్డ ముక్కలు దూర్చి, మెడతీగ వంచి, ఎలాగో సర్దేశాడు. అసలు ఎముకల్ని బిస్కెట్ల డబ్బాలో పెట్టి ఇంటికి తెచ్చేశాడు. పారేయడానికి చేతులు రాలేదు. తెరిచి చూడటానికి ధైర్యం చాలలేదు.

ఆ డబ్బా బీరువా మీద ఉంది. మూడుసార్లు ఇల్లు మారినప్పుడూ దాన్ని ఆయన ఒళ్ళో పెట్టుకుని బండెక్కాడు. అందులో ఎవరో రాసిన ప్రేమలేఖలున్నాయని భార్య మొదట్లో అనుమానపడింది. తర్వాత, ఈ మనిషికి ప్రేమలేఖలు రాసేంత ఓపిక ఎవరికుంటుంది అని ఊరుకుంది. ఆ సాయంత్రం ఆయన కుర్చీ వేసుకుని డబ్బా దించి, వంటగది కిటికీ దగ్గర బల్లమీద పెట్టి మూత తీస్తుంటే, పొయ్యి ఆపి వచ్చి పక్కన నిలబడింది.

మాస్టారు ఒక ఎముకని రెండు వేళ్ళతో పట్టుకుని వేలాడదీశాడు. గోటితో తట్టాడు.

ఎముక మోగింది.

రెండోది తట్టాడు. అదీ మోగింది. మూడోదీ, నాలుగోదీ. వంటగదంతా ఆ చిన్న శబ్దం స్పష్టంగా, శుభ్రంగా వినిపించింది. ఆమ్లంలో నానిన ఎముక మోగదు. ఈ ముక్క విద్యార్థులకి వందసార్లు చెప్పిన మనిషి, ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఆ డబ్బా దగ్గరికి ఆ సంగతిని తీసుకురాలేదు. సిగ్గు అంత పని చేస్తుంది.

అప్పుడు కళ్ళద్దాలు పెట్టుకుని, వెలుతురులోకి తిప్పి చూశాడు. వంపు లోపలివైపు ఎముక రెండింతలు మందంగా ఉంది. బరువు ఎక్కడ పడుతోందో అక్కడ, పొరమీద పొర, ఎముక తనను తానే కట్టుకుంది. మోచేతి గుంట ఉండాల్సిన చోట లేదు. పక్కకి జరిగి, కొత్త వాలులో, అరిగి అరిగి గాజులా నున్నగా తయారైంది. ఏ మనిషీ చెక్కలేదు దాన్ని. ఈ కాళ్ళమీదే ఆ కుక్క ఎనిమిదేళ్ళు కొండలెక్కింది. రాళ్ళగుట్టల మీద పాకింది. రాజఠీవి అని జనం మెచ్చుకున్నది ఈ వంకరనే.

భార్యకి మొత్తం చెప్పాడు. ఆమె అంతా విని, "అయితే మీరేమీ పాడు చెయ్యలేదు కదా. ఇంకా ఆ మొహం ఏమిటి?" అంది.

"పాడు చెయ్యలేదు. మార్చేశాను," అన్నాడాయన.

ఆమె ఎముకలవైపు చూసింది. వచ్చే ఏడు ఆయన రిటైరవుతున్నాడు. పెద్దాయన పెట్టె పక్కనే ఆయన ఫోటో పెడతామని ప్రిన్సిపాల్ మాటిచ్చాడు. ఈ డబ్బా బయటికొస్తే ఫోటో సంగతి దేవుడెరుగు, ఇన్నేళ్ళ పనిమీద మన్ను పడుతుంది. ఆయన నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఇవన్నీ ఆయన పైకే లెక్కపెట్టాడు. ఆమె అడ్డుచెప్పకుండా విని, పొయ్యి మళ్ళీ వెలిగించడానికి వెళ్తూ, "గురువారం కడుపున పడబోయేవి వచ్చి మిమ్మల్ని అడగలేవు కదా," అంది. అంతే. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

బుధవారం పొద్దున్నే మాస్టారు డబ్బా చంకలో పెట్టుకుని కేంద్రానికి వెళ్ళాడు. డాక్టరమ్మ మర్నాటికి కావలసిన సూదులూ గొట్టాలూ సర్దుకుంటోంది. బల్లకింద బుడ్డోడు ఆమె చెప్పు నములుతోంది. ఆయన ఉపోద్ఘాతం ఏమీ లేకుండా డబ్బా తెరిచి, ఎముకల్ని ఫిల్ము పక్కన పేర్చాడు. ఆపైన, తల వంచుకుని, సీసా దగ్గర నుంచి ఫెల్టు ముక్కలదాకా ఒక్కటీ దాచకుండా చెప్పాడు.

ఆమె చేతిలోని గొట్టాలు బల్లమీద పెట్టేసింది. మొహం ఎర్రబడింది. "రెండేళ్ళ కిందట నేను కొలుస్తుంటే నా పక్కనే నిలబడి దీపం పట్టుకున్నావు," అంది. "ఎముకల్ని కాదు మామయ్యా, నీ చేతిని నమ్మి రాశాను."

కొలతలు దేనికో తనకి తెలియదని ఆయన చెప్పొచ్చు. అది నిజమే. కానీ ఆ నిజం ఇప్పుడు చిల్లిగవ్వకి కొరగాదని ఆయనకి తెలుసు.

కోపం కోపంగానే ఉంది, కానీ ఆమె చేతులు ఎముకల మీదికి వెళ్ళిపోయాయి. ఫిల్ములో బుడ్డోడి వంపు, బల్లమీద పెద్దాయన వంపు, రెండూ ఒక్కటే. పెద్దాయన లోపం దాచుకున్న కుక్క కూడా కాదు, రెండు పాళ్ళూ ఉన్నవాడు. అంటే పుట్టిన ప్రతి పిల్లకీ ఒక పాలు తప్పకుండా పంచాడు. ఈ ఆడకుక్కా వాడి వంశంలోదే, దీనిలోనూ ఆ పాలు ఉండి ఉంటే రేపు పుట్టబోయేవాటిలో సగానికి సగం బుడ్డోళ్ళే. ఇక ఆ బూడిదరంగు తల్లి మాటంటారా, రిజిస్టరు మళ్ళీ తెరిపించి చూస్తే ముందు పేజీలోనే ఉంది, గేటులో కాలు ఇరుక్కుని విరిగిందట. ఇన్నాళ్ళూ దాన్ని ఊరికే ఆడిపోసుకున్నానని డాక్టరమ్మ నొచ్చుకుంది. తర్వాత ఫోన్ తీసి గురువారం పని ఆపించింది. ఆ స్ట్రాలు ఇక ఎప్పటికీ వాడకూడదని రాసి సంతకం చేసింది.

ఆ మోచేతి గుంటని మాత్రం ఆమె చేతిలోంచి దించలేదు. బొటనవేలితో ఆ నున్నదనాన్ని తడుముతూ, "ఎలా నడిచాడు మామయ్యా దీనితో?" అంది, చిన్నప్పుడు గుర్రం కింద కూర్చుని అడిగినట్టే.

ప్రిన్సిపాల్ చిర్రుబుర్రులాడాడు, రెండురోజుల తర్వాత ఒప్పుకున్నాడు. మాస్టారు పెద్దాయనని విప్పడం మొదలుపెట్టాడు. దొంగకాళ్ళు ఊడదీసి సామాన్లగదికి పంపాడు. అసలు ఎముకల్ని మోచేతికి పట్టించి చూశాడు. ఫెల్టు ముక్కలు తీసేసినా భుజం దానంతటదే కూర్చుంది. ఇన్నేళ్ళూ బలవంతాన వంచిన మెడతీగ వదులైంది. ముందుకాళ్ళు రెండు వేళ్ళు దిగేసరికి వెన్ను కాస్త ముందుకి వాలింది, తల తగ్గింది, తుంటి తిరిగింది. ఏనాడూ ఒకదానికొకటి అతకని ఎముకలన్నీ, ఎవరో పిలిచినట్టు, వాటివాటి చోట్లకి చేరుకున్నాయి. ఆయన తీగ బిగించడం మానేసి నిచ్చెనపీట మీద కూర్చుండిపోయాడు. తను కూర్చడం లేదు, ఆ కుక్కే లేచి నిలబడుతోంది అనిపించింది. కళ్ళు తుడుచుకోవడానికి రుమాలు కోసం వెతికి, చివరికి పాలిష్ గుడ్డతో తుడుచుకున్నాడు.

బోర్డు మీద కొత్తగా రాశారు. ముందుకాళ్ళ ఎముకలు పెరగడంలో పుట్టుకతో వచ్చిన లోపం ఉన్న కుక్క అనీ, పదకొండు మందిని కాపాడిందనీ. కింద, చిన్న అక్షరాల్లో, ఇరవై ఆరేళ్ళు తప్పుగా కూర్చి ఉంచినట్టు కూడా రాయించింది మాస్టారే. ఫోటో సంగతి ఎవరూ ఎత్తలేదు.

అద్దాలు బిగించేముందు రోజు డాక్టరమ్మ ట్రైనర్‌ని వెంటబెట్టుకుని వచ్చింది. ఇప్పుడు ముసలాయన, చేతికర్ర, చెవికి యంత్రం. ఎందుకు తెచ్చిందో ఆమె చెప్పినట్టు లేదు. బుడ్డోడు ముందు, ఆయన వెనక, ఇద్దరూ ఒకే ఊగుడుతో హాలు మధ్యకి నడిచారు. మాస్టారు పీటమీంచి దిగి పక్కకి తప్పుకున్నాడు.

ముసలాయన కుక్కకి కుడిపక్కన నిలబడ్డాడు. కర్ర కుడిచేతిలోకి మార్చుకుని, ఎదుటి గోడవైపు చూస్తూ, ఎడమచెయ్యి జారవిడిచాడు. అది దిగుతూ దిగుతూ, ఆగాల్సిన చోట పెద్దాయన భుజాల మధ్య ఆగింది. వేళ్ళు, లేని జూలులోకి మెల్లగా ముడుచుకున్నాయి.

అద్దం బిగించడానికి తెచ్చిన మరలు మాస్టారు జేబులో వేసుకుని, ఆయన చెయ్యి తీసేదాకా అక్కడే నిలబడ్డాడు.